గుత్తి కోటలో మూడు గొంతులు: గబ్బిలాల మీద అపోహలు - వాస్తవాలు

సాయంత్రం ఆరున్నర వేళకు అనంతపురం చుట్టుపక్కల ఏ పాత కోట దగ్గరో, ఏ పాడుబడ్డ మంటపం ముందరో నిలబడడం నా పని. చేతిలో గబ్బిలాల అరుపులు పట్టి మనకు వినిపించే చిన్న పెట్టె ఉంటుంది, మేము దాన్ని డిటెక్టర్ అంటాం. గొర్రెలు తోలుకొని పోయేవాళ్ళు ఆగి "ఏం సార్, ఏం చేస్తాండారు?" అంటారు. గబ్బిలాల పని అని చెప్పగానే ప్రతి ఊళ్ళోనూ అవే నాలుగైదు మాటలు వస్తాయి. గబ్బిలాలు బయటికొచ్చే ఆ అరగంటలో నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

అపోహ: గబ్బిలానికి కళ్ళు కనపడవు.

కనపడతాయి. గుడ్డి గబ్బిలం అనే జాతే లేదు. చింతచెట్లకు, మర్రిచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు పూర్తిగా చూపు మీద, వాసన మీద ఆధారపడి బతుకుతాయి. వాటికి ప్రతిధ్వనితో దారి వెతుక్కునే విద్యే లేదు. గుహల్లో ఉండే మధ్యరకం పండ్ల గబ్బిలం మాత్రం నాలుకతో టక్కు టక్కుమని చప్పుడు చేసుకుంటూ చీకట్లో దారి చూసుకుంటుంది. పురుగులు తినే చిన్న గబ్బిలాలు గొంతుతో అరిచి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి. నా పని ఎక్కువగా వీటితోనే.

ఈ సంగతి బయటపడడానికి చాలా కాలం పట్టింది. 1793లో ఇటలీలో స్పల్లాంజానీ అనే శాస్త్రవేత్త గుడ్లగూబ కూడా ఎగరలేని కటిక చీకటి గదిలో గబ్బిలాలు తేలిగ్గా తిరగడం గమనించాడు. ఆ వెంటనే జెనీవాలో జ్యూరిన్ అనే వైద్యుడు వాటి చెవులు మూసి చూస్తే, అవి అడ్డమొచ్చిన ప్రతిదాన్నీ గుద్దుకున్నాయి. అయినా అవి ఏం వింటున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. 1938లో హార్వర్డ్‌లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి, మన చెవికి అందని శబ్దాలను పట్టే పరికరం ముందు గబ్బిలాలను పెట్టాకే తేలింది.

అపోహ: గబ్బిలం చప్పుడు లేకుండా ఎగురుతుంది.

మనకు వినపడదు, అంతే. శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత కిలోహెర్ట్జ్, ఆ కీచుదనాన్నే ఇక్కడ స్థాయి అంటున్నాను. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, వీటి అరుపులు ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతాయి. నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే కొన్ని జాతుల అరుపు గట్టితనం 120 డెసిబెల్స్ దాటుతుంది. తన అరుపుకు తన చెవే దిమ్మెక్కకుండా, అరిచే క్షణంలో మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుంటుంది. ప్రతిధ్వని వచ్చే సరికి మళ్ళీ వదులవుతుంది.

అపోహ: ఒక్కో గబ్బిలానికి ఒకే అరుపు. రాడార్‌లాగా ఎప్పుడూ అదే కొడుతుంటుంది.

ఈ మాట చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇదే నమ్మి తప్పు చేశాను.

గుత్తి కోటలో ఒక సాయంత్రం రికార్డింగులు తీశాను. బండ పగులు దగ్గర పట్టిన అరుపులు 3 మిల్లీసెకన్ల పొట్టివి, పైనుంచి కిందికి జర్రున జారినట్టు ఉన్నాయి. లోయ మీద బయలులో పట్టినవి దాదాపు పదింతలు పొడుగు, గీత గీసినట్టు చదునుగా 32 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. గుంపు ఎగిరిన చోట పట్టినవీ చదునైనవే, కానీ కొన్ని 30 దగ్గర, కొన్ని 35 దగ్గర ఉన్నాయి. మూడు జాతులని నోట్‌బుక్కులో రాసుకొని ఎంతో సంతోషంగా దిగొచ్చాను. మాకు పని నేర్పిన మేడం ఆ పేజీ చూసి ఒకటే అడిగారు: "మూడు జాతులని ఎట్ల తేల్చినావు? ఎగిరేదాన్ని కంటితో చూసినావా?"

మరుసటి సాయంత్రం ఆమెతో కలిసి మళ్ళీ ఎక్కాను. ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. పగులులోంచి ఒక్కొక్కటే బయటికొస్తుంటే ఒకదాన్ని ఎంచుకొని చూపుతో వెంబడించాం. దారంలాంటి పొడుగు తోక వెనక వేలాడుతూ కనిపించింది. అది ఎలుకతోక గబ్బిలం, మన పొడి నేలల్లో, రాతి సందుల్లో ఉండే రకం. అది బండ దాటి బయలులోకి పోయేసరికి డిటెక్టర్లో "చిట్ చిట్ చిట్" అన్నది కాస్తా "టూ... టూ..." అని మారింది. మూడు గొంతులూ ఒకే జాతివి.

ఎందుకు మారుస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు, పోయి రావాలంటే 17. గబ్బిలం 10 మిల్లీసెకన్లు అరిస్తే, 170 సెంటీమీటర్ల లోపల ఉన్న ప్రతిదాని ప్రతిధ్వనీ అరుపు ముగియకముందే వచ్చి దాంట్లో కలిసిపోతుంది. గోడ పక్కన, కొమ్మల మధ్య అది ప్రమాదం. అందుకే అక్కడ అరుపు పొట్టిది చేస్తుంది, ఒకే అరుపులో చాలా స్థాయిలు దొర్లిస్తుంది. దాంతో ఆకు ఎక్కడ, పురుగు ఎక్కడ అన్నది విడివిడిగా తెలుస్తుంది. బయలులో అడ్డేమీ లేదు, దూరమే సమస్య. కీచు శబ్దాన్ని గాలి తొందరగా మింగేస్తుంది, కాబట్టి స్థాయి తగ్గించి పొడుగ్గా అరుస్తుంది.

పురుగు దొరికిందంటే మళ్ళీ మారుతుంది. వెతికేటప్పుడు సెకనుకు పది అరుపులుంటే, పట్టే ముందు క్షణంలో 150 దాటతాయి. డిటెక్టర్లో అది జిప్పు లాగినట్టు "జ్ర్ర్ర్" మని వినపడుతుంది. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక గుంపులో 30, 35 ఎందుకంటే, ఒకదాని ప్రతిధ్వని ఇంకొకదాని అరుపులో కలవకుండా పక్కకు జరుగుతాయి. మదురై ప్రాంతంలో ఇదే ఎలుకతోక గబ్బిలం మీద చేసి 1981లో ప్రచురించిన పరిశోధనలో అచ్చం ఇదే ఉంది. ఒంటరిగా ఉంటే 32.5, గుంపులో అయితే 30, 32.5, 35.

అన్నీ ఇలాగే మారుస్తాయని కూడా అనుకోవద్దు. గుర్రపునాడా గబ్బిలాలది వేరే దారి. ముక్కు మీద నాడా ఆకారంలో మడతలుంటాయి, అరుపు ముక్కులోంచే వస్తుంది. గుంతకల్లు స్టేషన్లో రైలు మన వైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినపడుతుంది కదా. గబ్బిలం ముందుకు ఎగిరేటప్పుడు దాని ప్రతిధ్వని కూడా అలాగే సన్నబడి వస్తుంది. దాని చెవి ఒక సన్నటి స్థాయి దగ్గరే బహు చురుకు. అందుకని ఎంత వేగంగా పోతుంటే అంత స్థాయి తగ్గించి అరుస్తుంది, ప్రతిధ్వని సరిగ్గా ఆ చురుకు జాగాలో పడేట్టు. దీన్ని 1968లో ష్నిట్జ్‌లర్ కనిపెట్టాడు. రెక్కల ఆటకు ప్రతిధ్వని స్థాయి అదురుతుంది కాబట్టి, ఆకుల ముందర రెక్కలాడించే చిమ్మెట కూడా దీనికి దొరికిపోతుంది.

అపోహ: గబ్బిలం నెత్తురు తాగుతుంది, జుట్టులో చిక్కుకుంటుంది.

నెత్తురు తాగేవి మూడే జాతులు, మూడూ లాటిన్ అమెరికా ప్రాంతానివి. మన పాత గుళ్ళలో కనపడే పెద్ద చెవుల గబ్బిలాన్ని చూసి జనం భయపడతారు గానీ, అది కప్పలను, ఎలుకలను, బల్లులను, పెద్ద పురుగులను తింటుంది. చాలా మెల్లగా గుసగుసలాడినట్టు అరుస్తుంది, ఎక్కువగా నేల మీద ఎండుటాకుల అలికిడినే వింటుంది. ఇక చిన్న గబ్బిలాలు మన తల దగ్గరికి వచ్చేది మన చుట్టూ మూగే దోమల కోసం. ఇంట్లోకి వస్తే ఫ్యాన్ ఆపి, గదిలో లైటు తీసేసి, కిటికీ తెరిచి పెట్టండి, అదే పోతుంది. వట్టి చేత్తో మాత్రం పట్టుకోవద్దు. కరిస్తే సబ్బుతో బాగా కడిగి, వెంటనే రేబిస్ టీకాకు పోవాలి.

అపోహ: అంత విద్య ఉన్నది దేన్నీ గుద్దుకోదు.

గుద్దుకుంటుంది. నున్నటి నిలువు పలక మీద పడ్డ శబ్దం పక్కకు జారిపోతుంది, ఎదురుగా తిరిగి రాదు. గబ్బిలానికి అక్కడ ఖాళీ ఉన్నట్టే. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో గబ్బిలాలు అలాంటి పలకలకు పోయి తగిలాయి. అదే పలకను నేల మీద పరిస్తే నీళ్ళనుకొని తాగబోతాయని 2010లోనే తేలింది.

మన జిల్లాలో నాకు బాధ కలిగించేది గాలిమరల సంగతి. రెక్క కొస సెకనుకు 70 మీటర్లు, ఇంకా ఎక్కువ కూడా తిరుగుతుంది. బయలులో గబ్బిలం సెకనుకు పది సార్లు అరుస్తుందనుకుంటే, రెండు అరుపుల మధ్య రెక్క 7 మీటర్లు జరిగిపోతుంది. కొమ్మకు, బండకు పనికొచ్చే విద్య దీనికి సరిపోదు. ఒక చోట గాలిమరలు పెట్టేముందు రాసిన రిపోర్టు నా చేతికొచ్చింది. షెడ్డు పక్కన వేపచెట్టుకు నడుము ఎత్తున ఒకే రికార్డర్, ఒకే రాత్రి. గబ్బిలాలు తక్కువ అని తేల్చేశారు. ఎత్తున బయలులో ఎగిరేవాటి అరుపు ఆ పెట్టెకు అందనే అందదు. చెట్టు దగ్గర పడిన పొట్టి అరుపులను చూసి ఒకే జాతి అని కూడా రాశారు.

పనిచేసే మార్గం ఉంది. గబ్బిలాలు ఎక్కువగా చనిపోయేది గాలి తక్కువున్న రాత్రుల్లో, అప్పుడు కరెంటు వచ్చేదీ తక్కువే. గాలి వేగం సెకనుకు 5 మీటర్లు దాటేదాకా రెక్కలు తిరగకుండా ఆపితే చావులు చాలా చోట్ల సగానికి పైగా తగ్గాయని అమెరికాలో చేసిన పరీక్షలు చూపించాయి. మేము ఇప్పుడు సర్వేకు పోతే గుట్ట కొన మీద, చెరువు కట్ట మీద, చెట్ల మధ్యన, స్తంభం పైన విడివిడిగా పెట్టెలు కడతాం. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి.