మా తాతలు నాటువైద్యులంట! వంశవృక్షం గీయించే ముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో దస్తావేజు లేఖరిగా మొదలుపెట్టినవాణ్ని. భాగపరిష్కారం రాయాలంటే ఎవరికి ఎవరు ఏమవుతారో గీసుకోక తప్పదు కదా, అలా గీస్తూ గీస్తూ వంశవృక్షాలే నా పని అయిపోయింది. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామందికి ఆస్తి గొడవ ఉండదు. "మా ముత్తాత పసరు మందు ఇచ్చేవాడంట సార్, అంతకుముందు ఎన్ని తరాలుగా ఇచ్చారో చూడండి" అంటారు. దాంతోపాటు కొన్ని నమ్మకాలు కూడా మోసుకొస్తారు. వాటి గురించే ఇది.

అపోహ: ఇంటిపేరు 'వైద్యం' అయితే వైద్యుల వంశమే.

వాస్తవం: ఆ ఇంటిపేరు ఎన్నో తరాల కింద ఒక్క మనిషి చేసిన పనికి పడి ఉండొచ్చు. దత్తత వచ్చి ఉండొచ్చు. మన వైపు చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే, నిజంగా మందిచ్చిన కుటుంబాల్లో ఎక్కువమందివీ అవే. పుత్తూరు కట్టునే చూడండి. ఆకు ముద్ద, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు పెట్టి ఎముకలకు కట్టే ఆ కట్టుకు పేరిచ్చింది ఊరు. ఆ పేరుతో చెన్నైలో, బెంగళూరులో ఎన్ని బోర్డులు లేవు! బోర్డు ఉన్నంత మాత్రాన వాళ్లంతా ఒక ఇంటివాళ్లు కారు.

అపోహ: వైద్యుడైతే పాత రికార్డుల్లో 'వైద్యుడు' అని రాసి ఉంటుంది.

వాస్తవం: అందరూ తప్పు చేసేది ఇక్కడే. సర్కారుకు కావలసింది శిస్తు. కషాయం ఎవరు కాచారో దానికి అక్కర్లేదు. కాబట్టి మందు కోసం వెతక్కండి, మాన్యం కోసం, అంటే చేసిన పనికి ఇనాంగా ఇచ్చిన భూమి కోసం వెతకండి. అలాంటి భూములు ఎవరివో తేల్చడానికి 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ తర్వాత తయారైన ఇనాం రిజిస్టర్లలో ఈ భూమి మొదట ఎవరికిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు ఆయనకు ఏమవుతాడు అన్నవి రాశారు. సర్వే నంబరు తెలిస్తే ఒక్క పేజీలో రెండు మూడు తరాలు దొరికిన సందర్భాలున్నాయి. తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటాయి, 590 కలుపుకోండి. ఫసలీ 1270 అంటే 1860-61.

ఇంకో చిక్కుంది. చాలా ఊళ్లలో కురుపు కోసింది, పుండుకు కట్టు కట్టింది నాయీబ్రాహ్మణులు. వాళ్ల మాన్యం ఎక్కువగా క్షౌరవృత్తి కిందే నమోదై ఉంటుంది. పది ఊళ్లకు వైద్యం చేసిన ఇల్లయినా కాగితం మీద ఆ మాట కనపడదు. అక్కడ మీ ఇంట్లో ముసలివాళ్ల మాటే సాక్ష్యం. ముందు వాళ్లను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేసుకోండి. కాగితాలు ఎక్కడికీ పోవు, వాళ్లు పోతారు.

అపోహ: మాది తిరుపతి, రికార్డులన్నీ తిరుపతిలోనే ఉంటాయి.

వాస్తవం: చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రం, తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా దాని కిందిదే. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలేమో కడప జిల్లావి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. తిరుపతి జిల్లా అయింది 2022లో. అందుకే తిరుపతి తాత కాగితం కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు పోవలసి రావచ్చు, అది అరవంలోనూ ఉండొచ్చు. చదవడం రాకపోతే తోడుగా ఒకరిని తీసుకుపోండి.

అపోహ: మావాళ్లు చంద్రగిరి రాజులకు ఆస్థాన వైద్యులు.

వాస్తవం: దాదాపు ప్రతివాళ్లూ ఇదే మాట. చంద్రగిరి కాకపోతే కార్వేటినగరం, అదీ కాకపోతే పుంగనూరు. ఆ రాజుల కాలంవి కూడా ఉన్న తిరుమల శాసనాలను దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చేసింది, కావాలంటే చూసుకోవచ్చు. ఎక్కువ భాగం స్వామి నైవేద్యానికి ఇచ్చిన భూముల, సొమ్ముల లెక్కలే. ఒకవేళ అందులో ఒక వైద్యుడు దొరికాడనుకోండి, ఆయనకూ మీ ముత్తాతకూ మధ్య మూడు వందల ఏళ్ల ఖాళీని ఏం పెట్టి పూడుస్తారు? నేనైతే పూడ్చను. అక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తా. కొందరికి కోపం వస్తుంది, వేరే వాళ్ల దగ్గరికి పోతారు.

అపోహ: ఇంట్లో తాళపత్రాలున్నాయి, ఇంకేం రుజువు కావాలి?

వాస్తవం: పుంగనూరు వైపు నుంచి అన్నదమ్ములిద్దరు ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట తెచ్చారు. ఆకులకు పసుపు, కుంకుమ. పైగా మెరుస్తుందని కొబ్బరినూనె కూడా రాశారు (దయచేసి అలా చేయకండి, దుమ్మంతా పట్టేస్తుంది). చదవగలిగిన పెద్దాయన్ని పిలిపించా. మొదటి ఆకులో శొంఠి, మిరియాలు, వాము. అన్నదమ్ముల మొహాలు వెలిగిపోయాయి. రెండో ఆకులో కొలత 'కుంచెడు' అని వచ్చేసరికి పెద్దాయన ఆగి కళ్లజోడు సర్దుకున్నాడు. మూడో ఆకులో 'గొట్టంతో పోయవలెను' అని ఉంది. "నాయనా, ఇది ఎద్దుకు" అన్నాడు. చిన్నాయన కట్ట మళ్లీ చుట్టేశాడు. పశువుల వైద్యుడంటే తక్కువా? ఎద్దు లేచి నిలబడితేనే కదా ఆ ఏడు సేద్యం! అయినా వంశవృక్షంలో ఆ సంగతి రాయొద్దన్నారు. రాయలేదు.

కట్ట ఉన్నంత మాత్రాన అది మీవాళ్లే రాశారనీ కాదు. నకళ్లు తీసేవారు, అప్పు కింద తాకట్టు పెట్టేవారు, అల్లుడికి ఇచ్చేవారు. బసవరాజీయం లాంటి వైద్య గ్రంథాలకు ఎన్ని నకళ్లో! చివరి ఆకు చూడండి, రాసినవాడి పేరు, సంవత్సరం ఉంటే అక్కడే ఉంటాయి. ఆ సంవత్సరం దగ్గర నేనే ఒకసారి బోర్లాపడ్డా. ఒక మందుల నోటుపుస్తకంలో 'రక్తాక్షి' అని చూసి 1864 వేసేశా. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుందిగా, అది 1924. "రోగి పాకాలలో రైలు దిగి వచ్చెను" అని అందులోనే ఉందని ఆ ఇంటి కోడలు చూపించేదాకా నాకు తట్టలేదు. 1864లో పాకాలకు రైలెక్కడిది!

అపోహ: డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే తేలిపోతుంది.

వాస్తవం: వృత్తి రక్తంలో కనపడదు. డబ్బు దండగ.

అపోహ: పారంపర్యం రుజువైతే నేనూ మందివ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. కేరళ పారంపర్య వైద్యుల కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: గుర్తింపున్న అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడానికి లేదు. నేను గీసిచ్చేది ఫ్రేము కట్టించుకోవడానికే, క్లినిక్‌లో తగిలించడానికి కాదు.

అపోహ: విద్య తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, మగవాళ్ల వరస చూస్తే చాలు.

వాస్తవం: కొడుక్కు ఆసక్తి లేకపోతే ఇల్లరికపు అల్లుడు నేర్చుకున్నాడు, అల్లుడు లేకపోతే శిష్యుడు. ఇక మంత్రసానుల సంగతి ఏ రిజిస్టరులో చూస్తారు? ఊళ్లోకి పోయి డెబ్బై దాటిన వాళ్లను "నీకు పురుడు పోసింది ఎవరవ్వా?" అని అడగండి. పేరు, వీధి, ఆమెకు ఇచ్చిన పాత చీర, చాటెడు బియ్యం కూడా చెబుతారు. నలుగురు ఒకే పేరు చెబితే రాసుకోండి.

ఈ ప్రశ్న నేను వేరే వాళ్ల కోసం మా పక్క ఊళ్లో అడుగుతుంటే, ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసి "మీ జేజే కదరా" అంది. అప్పటికి ఏడేళ్లుగా మా ఇంటి వంశవృక్షంలో జేజి, అంటే మా నాయనమ్మ, పేరు కింద నా చేత్తో రాసింది 'గృహిణి' అని.