చీపురు ఎవరి చేతిలో ఉందో చూశారా? బడిలో సమాన అవకాశాలపై అపోహలు, వాస్తవాలు

విశాఖలో 17 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అన్నీ సర్కారు బడులే. ఒకటి గాజువాక వైపు, ఒకటి మధురవాడ దగ్గర, ఇప్పుడున్నది ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి రాలిపోయే చోట. సమాన అవకాశాలు అన్న మాట ట్రైనింగుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట రాగానే స్టాఫ్‌రూంలో ఎవరేమంటారో కూడా నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే వాటిలో సగం ఒకప్పుడు నేనన్నవే.

అపోహ: "నా క్లాసులో పిల్లలంతా నాకు ఒకటే."

నేనూ అలాగే అనుకునేదాన్ని. నాలుగేళ్ల కిందట మా సైన్సు టీచర్ని ఖాళీ పీరియడ్‌లో నా ఎనిమిదో తరగతిలో వెనక కూర్చోబెట్టి, నేను ఎవర్ని ప్రశ్న అడిగితే వాళ్ల పేరు పక్కన ఒక గీత పెట్టమన్నాను. ఎవరో చూస్తున్నారని తెలిసి కాస్త జాగ్రత్తగానే అడిగాను, అయినా పీరియడ్ అయ్యాక కాగితం చూస్తే ముఖం చెల్లలేదు. అడిగిన 31 ప్రశ్నల్లో 22 ముందు రెండు బెంచీలకే పోయాయి, అందులోనూ ఒకే అబ్బాయికి ఆరు. గోడవారన కూర్చునే 11 మందికి ఒక్క గీతా లేదు. ఆ 11 మందిలో ఇద్దరి పేర్లు నాకు చప్పున గుర్తు రాలేదు, అప్పటికి అక్టోబరు వచ్చేసింది మరి.

అడిగిన ప్రశ్నల్లో కూడా తేడా ఉంది. "ఇలా ఎందుకొచ్చింది?" అన్నవి మగపిల్లలకు, "బోర్డు మీద ఉన్నది చదువు" అన్నవి ఆడపిల్లలకు. మా సైన్సు టీచరు ఏమీ అనకుండా కాగితం మడిచి నా చేతిలో పెట్టింది (మర్నాడు తన క్లాసులో నన్ను కూర్చోబెట్టింది, ఆవిడ కాగితమూ అలాగే ఉంది, ఆ మాట రాయొచ్చని ఆవిడే చెప్పింది).

అప్పట్నుంచి ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి డబ్బాలో వేసుకుంటున్నాను. ఏ పుల్ల వస్తే వాళ్లనే అడుగుతా. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా నోరు మెదపను, ఇది చెప్పినంత తేలిక కాదు సుమా. "తెలీదు మేడం" అంటే వదిలేయను, రెండు పుల్లలు అయ్యాక మళ్లీ నిన్నే అడుగుతా, ఈలోగా పక్కవాళ్లు చెప్పింది విను అంటాను. మొదటి పది రోజులూ బాగా చదివే పిల్లలు మూతి ముడిచారు, ఒకరి నాన్న ఫోన్ కూడా చేశాడు.

అపోహ: "కులం గిలం బడి బయటే. గేటు దాటితే అంతా పిల్లలే."

అయితే స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు ఏ బడి వరండాలోనైనా ఒక్క పావుగంట నిలబడండి. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, లెక్క రాసుకోవాలి" అని ఏదో ఒక క్లాసులోంచి వినిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనూ అన్నాను. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, మధ్యాహ్నంలోగా లెక్క పంపాలన్న టెన్షన్, అంతే. ఏడుగురు లేచారు. ఒకమ్మాయి మాత్రం బెంచీ మీద చెయ్యి ఆనించి, లేచినట్టూ కాకుండా కూర్చున్నట్టూ కాకుండా వంగి నిలబడింది. జూన్ నుంచీ ఆ పిల్ల పక్కనే కూర్చుని, ఒకే బాక్సులో తినే స్నేహితురాలు తలెత్తి దాని ముఖంలోకి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఏడు అని రాసుకుని వచ్చేశాను. ఆ వంగిన భుజం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఆ లెక్క అడ్మిషన్ రిజిస్టర్లోనే ఉంటుంది, క్లాసులో అడగాల్సిన పనే లేదు. ఫారం విడిగా పిలిచి ఇవ్వొచ్చు. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూడాలని విద్యాహక్కు చట్టం 2009 ప్రభుత్వాలకూ స్థానిక సంస్థలకూ బాధ్యత పెట్టింది, 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నలుగురిలో లేపి నిలబెట్టడం ఆ సెక్షన్ కిందికి వస్తుందా రాదా అని వాదించేవాళ్లున్నారు, వాదించుకోనివ్వండి, నేనైతే మానేశాను.

అపోహ: "సమానం అంటే అందరికీ ఒకే పేపరు, ఒకే టైము. ఒకడికి ఎక్కువిస్తే మిగతావాళ్లకు అన్యాయం."

బోర్డు మీద లెక్క సగం దించుకుని ఆపేసే కుర్రాడు ఒకడుండేవాడు. బద్ధకం అని రాసి పెట్టుకున్నాం అందరం. 2019లో కంటి వెలుగు పథకం కింద బడిలో కళ్ల పరీక్షలు చేసినప్పుడు చూస్తే వాడికి బోర్డే సరిగా కనబడదు! కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకోడు. ఎందుకంటే "సోడాబుడ్డి" అని పేరు పెట్టారు. అద్దాలు ఇవ్వడం ఒక రోజు పని, ఆ పేరు మాన్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం అంతకుముందు ఏడుగా ఉన్న వైకల్యాలను 21 చేసింది. చదవడం, రాయడం, లెక్క చేయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు, అంటే డిస్లెక్సియా లాంటివి కూడా అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ఇందులో మిగతావాళ్లకు పోయేదేమీ లేదు, వాళ్ల టైములోంచి తీసి ఇవ్వడం లేదు కదా. తల్లిదండ్రులకు నేను చెప్పే ముక్క ఒకటే: వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం పదో తరగతి జనవరిలో పరుగెత్తకండి, ఎనిమిదిలోనే మొదలుపెట్టండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక టీచర్ని కలిస్తే ఏ కాగితం ఎక్కడో వాళ్లే చెబుతారు.

అపోహ: "ఆధార్, టీసీ లేకుండా ఎలా చేర్చుకుంటాం?"

చేర్చుకోవచ్చు, చేర్చుకోవాలి. వయసు రుజువు లేదనో, టీసీ ఆలస్యమైందనో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని వెనక్కి పంపకూడదని ఇందాక చెప్పిన విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఒడిశా నుంచి అపార్ట్‌మెంట్ పనులకు వచ్చినవాళ్ల పిల్లలు మధురవాడలో నా దగ్గర చదివారు, పదేళ్లవాణ్ని ఒకటిలో కూర్చోబెట్టకుండా వయసుకు తగ్గ తరగతిలో వేసి, వెనకబడిన దానికి విడిగా చెప్పాలి. తెలుగు రాదని బెంగ పడకండి, లెక్కలు అందరికీ ఒకటే, ఆ వంకతో మాటలు వాటంతటవే వస్తాయి.

అపోహ: "ప్రైవేటు బడిలో 25 శాతం కోటాలో సీటొచ్చింది, ఇంక సమానమైపోయినట్టే."

విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే కోటా ఇది, సీటు రావడం మంచిదే. మన రాష్ట్రంలో ఇది 2022-23 నుంచి ఒకటో తరగతిలో అమలవుతోంది, ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచితం. కానీ పుట్టినరోజు పార్టీకి పిలవని పిల్లకి సీటు సంగతి చెప్పి ఏం ఓదారుస్తాం?

అపోహ: "జాలారి (మత్స్యకార) వీధుల తల్లిదండ్రులకు చదువు పట్టదు. మీటింగ్‌కి ఒక్కరూ రారు."

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. మీటింగ్ ఎప్పుడు పెట్టాం? ఉదయం పదింటికి. ఆ టైములో ఆ తల్లులు ఎక్కడుంటారు? తెల్లారకముందే హార్బర్లో వేలంపాటకి వెళ్లి, చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరుగుతుంటారు. ఓసారి సాయంత్రం నాలుగున్నరకి పెట్టి చూశాం, బెంచీలు చాలక కొందరు నిలబడ్డారు. చేపల వాసన వస్తుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఒకావిడని లోపలికి పిలవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది.

ఇంకోటి, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. బడి తెరిచేదేమో జూన్ 12 ప్రాంతంలో. అంటే రెండు నెలలు పడవ కదలని ఇంట్లో పిల్లాణ్ని పట్టుకుని, మొదటి వారంలోనే ఆ నోట్‌బుక్ ఏది, ఈ జామెట్రీ బాక్స్ ఏది అని అడుగుతాం. జూన్ నెలాఖరుదాకా నేను అడగను. తెచ్చుకోనివాడికి నా బీరువాలోది ఇస్తాను, తర్వాత తిరిగిస్తారు, ఒకట్రెండు పోతాయి, పోనీండి.

అపోహ: "ప్రతిభ ఉంటే అవకాశం దానంతటదే వస్తుంది."

ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ సంగతి చూడండి. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాసే పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. పరీక్ష పాసయ్యే పిల్లలు మాకు ఉన్నారు, ఎక్కడ ఆగిపోతారంటే పేరు దగ్గర. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. ఏడో తరగతిలో ఉండగానే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే సరిచేయించడానికి అప్పుడు ఏడాది టైముంటుంది.

అపోహ: "ఆడపిల్లలకి ఇప్పుడేం తక్కువ? అన్నీ ఇస్తున్నారుగా."

మా బడిలో వాటర్ బెల్ కొడతారు. బెల్ కొట్టగానే అందరూ బాటిల్ ఎత్తాలి. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఎత్తుతారు, పెదాలకు ఆనిస్తారు, దించుతారు. సాయంత్రం నాలుగింటికి కూడా ఆ బాటిల్ నిండుగానే ఉంటుంది. అడిగితే చెప్పరు. రెండు రోజులు కూర్చోబెట్టి మాట్లాడితే తేలింది, టాయిలెట్ తలుపుకి లోపలి గడియ ఊడిపోయి చాలా రోజులైంది. ఒకరు వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి, అందుకని అసలు నీళ్లే తాగడం మానేశారు. గడియ బిగించడానికి పట్టింది ఒక పూట. ఆ గడియ లేకపోవడం వల్ల ఎన్ని తలనొప్పులు, ఎన్ని సెలవులు అయ్యాయో ఏ రిజిస్టర్లోనూ లేదు.

ఇక చీపురు. ఆరో తరగతి నుంచి పది దాకా తుడిచేది అమ్మాయిలు, వాటర్ క్యాన్ మోసేది, ఆఫీసులోంచి సుద్దముక్కలు తెచ్చేది అబ్బాయిలు. ఎవరూ రూల్ పెట్టలేదు, అలా నడిచిపోతోంది. పోయినేడు నా క్లాసులో రోల్ నంబర్ల వారీగా వంతులు వేశాను. అబ్బాయిలు మొదటి వారమంతా చెత్త తలుపు వెనక్కి తోశారు. రెండో వారం ఒక తండ్రి వచ్చాడు.

"మా గుంటడి చేత తుడిపిస్తన్నారేటి మేడమ్?"

"మీ పాప కూడా ఇక్కడే చదివింది కదండీ, ఐదేళ్లు తుడిచింది. అప్పుడు రాలేదేం?"

ఆయన గుమ్మం బయట కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి తొంగిచూసి, "సరే గానీ, సరిగ్గా తుడుస్తన్నాడా?" అన్నాడు.

లేదు, మూలలు ఇప్పటికీ వదిలేస్తున్నాడు.