పోర్టు కరెక్ట్, చిరునామా మాత్రం సున్నా

ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. అతను సీ భాషలో చిన్న టీసీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీద క్లయింట్లనే ఇతర ప్రోగ్రాముల కనెక్షన్ల కోసం ఎదురుచూసే ప్రోగ్రాము) రాశాడు. ల్యాబ్‌లో నేర్పిన ఐపీవీ4 (పాత తరం ఇంటర్నెట్ చిరునామాల) ప్రోగ్రామునే తీసుకుని, సాకెట్ (ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) తెరిచే చోట, దాన్ని ఒక చిరునామాకి, పోర్టుకి కట్టే బైండ్ దగ్గర మాత్రం ఐపీవీ6కి (కొత్త తరం చిరునామాలకి) మార్చాడు. క్లయింట్లు కనెక్ట్ అవుతున్నారు, డేటా అటూ ఇటూ వెళ్తోంది. కానీ ఎవరు వచ్చినా స్క్రీన్ మీద వాళ్ల చిరునామా 0.0.0.0 అనే పడుతోంది. పక్కనే పోర్టు నంబరు మాత్రం ప్రతిసారీ కరెక్టుగా వస్తోంది. రెండూ తప్పయితే అర్థం చేసుకోవచ్చు, సగం ఒప్పు ఎలా అవుతుందని అతని సందేహం.

నాకు ఈ ప్రశ్న చాలా నచ్చింది. ఆ సగం ఒప్పులోనే అసలు విషయమంతా ఉంది. దాని మూలం 1983 దాకా వెళ్తుంది.

సాకెట్లు 1983లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ నుంచి వచ్చిన 4.2బీఎస్‌డీ యూనిక్స్‌తో బయటికొచ్చాయి. వాటిని తయారుచేసినవాళ్లు ఒక దూరదృష్టి చూపారు. ప్రపంచంలో ఒకే రకం నెట్‌వర్క్ ఉంటుందని అనుకోలేదు. ఒకే మెషీన్‌లోని రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవాలన్నా, ఇంటర్నెట్ మీద వేరే మెషీన్‌తో మాట్లాడాలన్నా అవే కనెక్ట్ (అవతలివాళ్లతో కలవడం), బైండ్, యాక్సెప్ట్ (వచ్చినవాళ్లను చేర్చుకోవడం) ఫంక్షన్లు వాడాలి. మరి చిరునామా? ఒకదానికి ఫైల్ పాత్, ఇంకోదానికి 32 బిట్ల సంఖ్య. ఇప్పుడైతే ఏ రకం డేటానైనా చూపించగల వాయిడ్ పాయింటర్ ఇచ్చేస్తాం. అది సీ ప్రమాణంలోకి వచ్చింది 1989లో. అందుకని వాళ్లు సాక్‌యాడర్ అనే ఒక సాధారణ స్ట్రక్చర్ తయారుచేశారు. మొదట చిరునామా ఏ కుటుంబానిదో, అంటే ఏ రకానిదో చెప్పే సంఖ్య, ఆ తర్వాత 14 బైట్లు. అంతే.

పార్సిల్ ఆఫీసు ఊహించుకోండి. రకరకాల సైజుల డబ్బాలు వస్తాయి. ప్రతి డబ్బా మీదా ఒకే మూలలో ఒక చీటీ ఉంటుంది. గుమాస్తా ముందు ఆ చీటీ చదువుతాడు. లోపల ఏ అర ఎక్కడుందో చీటీని బట్టే తెలుస్తుంది. చీటీ చదవకుండా డబ్బా తెరిచి, రెండో అరలో ఇది ఉంటుంది, మూడో అరలో అది ఉంటుంది అనుకుంటే, ఒక్కోసారి సరిగ్గానే దొరుకుతుంది, ఒక్కోసారి ఖాళీ అర చేతికొస్తుంది. మన విద్యార్థికి జరిగింది ఇదే.

ఇప్పుడు అరలు లెక్కపెడదాం. ఐపీవీ4 డబ్బా పేరు సాక్‌యాడర్_ఇన్. లినక్స్‌లో మొదటి 2 బైట్లు కుటుంబం, తర్వాతి 2 బైట్లు పోర్టు, తర్వాతి 4 బైట్లు చిరునామా, చివర 8 బైట్లు ఖాళీ సున్నాలు. మొత్తం 16. ఐపీవీ6 డబ్బా పేరు సాక్‌యాడర్_ఇన్6. ఇందులోనూ మొదటి 2 బైట్లు కుటుంబం, తర్వాతి 2 బైట్లు పోర్టు. ఆ తర్వాత దారి మారిపోతుంది. 4 బైట్ల ఫ్లో సమాచారం (ప్యాకెట్ల ప్రవాహాన్ని గుర్తించేది) వస్తుంది, దాని వెనక 16 బైట్ల చిరునామా, చివర 4 బైట్ల స్కోప్ సంఖ్య (చిరునామా ఏ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌దో చెప్పేది). మొత్తం 28.

పోర్టు రెండు డబ్బాల్లోనూ ఒకే చోట ఉంది. అందుకే తప్పు రకం పాయింటర్‌తో చదివినా ఒప్పుగా వచ్చింది. ఐపీవీ4 లెక్కన చిరునామా ఉండాల్సిన చోట ఐపీవీ6లో ఫ్లో సమాచారం ఉంది. యాక్సెప్ట్ చేసినప్పుడు లినక్స్ అక్కడ మామూలుగా సున్నా పెడుతుంది. ఆ నాలుగు సున్నా బైట్లే 0.0.0.0 అయ్యాయి.

కథ ఇంకా ఉంది. అతని క్లయింటు ఐపీవీ4 నుంచి వచ్చింది. ఐపీవీ6 సాకెట్ దగ్గరికి ఐపీవీ4 మనిషి వస్తే, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ చిరునామాను ఐపీవీ6 రూపంలోకి మారుస్తుంది. ముందు 80 సున్నా బిట్లు, తర్వాత 16 ఒకట్ల బిట్లు, చివరి 32 బిట్లలో పాత చిరునామా. బైట్ల లెక్కలో, సున్నా నుంచి మొదలుపెడితే, ఆ పాత చిరునామా 20 నుంచి 23 వరకు ఉన్న చోట్లలో కూర్చుంటుంది. అతను యాక్సెప్ట్‌కి ఇచ్చిన డబ్బా 16 బైట్లది. కెర్నల్ 16 బైట్లు నింపి మిగతాది కోసేసింది. అంటే అతను వెతుకుతున్న నాలుగు బైట్లు అసలు అతని చేతికే రాలేదు! నిజమైన ఐపీవీ6 క్లయింటు వచ్చి ఉంటే చిరునామాలో మొదటి సగం, అంటే నెట్‌వర్క్ భాగం మాత్రమే వచ్చేది.

కెర్నల్ ఈ సంగతి దాచలేదు కూడా. యాక్సెప్ట్‌కి మనం పొడవును విలువగా కాక పాయింటర్‌గా ఇచ్చేది ఇందుకే. వెళ్లేటప్పుడు అందులో మన డబ్బా సైజు ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు చిరునామా అసలు సైజు ఉంటుంది. 16 ఇస్తే 28 తిరిగొచ్చింది. ఆ సంఖ్యను ప్రింట్ చేసి చూసి ఉంటే రోగం అక్కడే బయటపడేది. ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనూ ఈ ఒక్క ప్రయోగం చేయించాలని నా కోరిక. ఐపీవీ4 చిరునామాలు నింపే ప్రోగ్రామును రికార్డులోకి పది పేజీలు ఎత్తిరాయడం కన్నా, పదహారు ఇచ్చి ఇరవై ఎనిమిది తిరిగి రావడం కళ్లారా చూసిన విద్యార్థి దాన్ని జన్మలో మరచిపోడు.

కనెక్ట్ విషయంలో కెర్నల్ ఇంత మెతక కాదు. ఐపీవీ6 చిరునామా ఇచ్చి, పొడవు దగ్గర అలవాటుగా సాక్‌యాడర్ సైజు 16 ఇస్తే, ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ అని మొహం మీదే చెప్తుంది. లినక్స్ కనీసం 24 అడుగుతుంది. 28 కదా, 24 ఎందుకు? 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2133 అనే ఇంటర్నెట్ పత్రంలో ఈ స్ట్రక్చర్‌కి స్కోప్ సంఖ్య లేదు, 24 బైట్లతో అయిపోయేది. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2553 దాన్ని చేర్చింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని కెర్నల్ ఆ 24ను ఇంకా ఒప్పుకుంటోంది. రాతిపొరలో శిలాజం దొరికినట్టు కోడ్‌లో ఇలాంటివి దొరికితే నాకు భలే సంబరం.

మందు ఏమిటంటే, ఎంత పెద్ద చిరునామా అయినా పట్టే డబ్బా వాడడం. దాని పేరు సాక్‌యాడర్_స్టోరేజ్, లినక్స్‌లో 128 బైట్లు. యాక్సెప్ట్‌కి అది ఇవ్వండి. తిరిగొచ్చాక కుటుంబం చూడండి. ఏఎఫ్_ఇనెట్ అయితే ఒక రకంగా, ఏఎఫ్_ఇనెట్6 అయితే ఇంకో రకంగా చదవండి. ఆ పేర్లే వాడండి, వాటి వెనక ఉన్న సంఖ్యలు ఎప్పుడూ రాయకండి. ఏఎఫ్_ఇనెట్ దాదాపు అంతటా 2 గానీ, ఏఎఫ్_ఇనెట్6 లినక్స్‌లో 10, విండోస్‌లో 23, ఫ్రీబీఎస్‌డీలో 28, మ్యాక్‌లో 30. పైగా మ్యాక్, బీఎస్‌డీల్లో మొదటి బైటు పొడవు, కుటుంబం రెండో బైటు. ప్రింట్ చేయడానికి మాత్రమే అయితే విడదీయడం కూడా అక్కర్లేదు. గెట్‌నేమ్‌ఇన్ఫో అనే ఫంక్షన్‌కి డబ్బా, యాక్సెప్ట్ తిరిగిచ్చిన పొడవు ఇచ్చి, సంఖ్యల రూపంలోనే కావాలని జెండా (ఫ్లాగ్) పెడితే అదే రాసిస్తుంది.

క్లయింటు వైపు పని ఇంకా తేలిక, పేరును చిరునామాలుగా మార్చిచ్చే గెట్‌యాడర్‌ఇన్ఫో పుణ్యమా అని. పాత గెట్‌హోస్ట్‌బైనేమ్‌ను 2008లో పోజిక్స్ అనే యూనిక్స్ వ్యవస్థల ఉమ్మడి ప్రమాణం నుంచి తీసేశారు. ల్యాబ్ మాన్యువల్స్‌లో అది ఇంకా కనిపించడం నాకు బాధగా ఉంటుంది. కొత్తదానికి పేరు, పోర్టు ఇచ్చి, కుటుంబం దగ్గర ఏఎఫ్_అన్‌స్పెక్ (ఏదైనా సరే) అని పెడితే చిరునామాల గొలుసు ఇస్తుంది. గొలుసులో ప్రతి కడియం దగ్గరా కుటుంబం, పొడవు సిద్ధంగా ఉంటాయి. ఆ కుటుంబంతోనే కొత్త సాకెట్ తెరవాలి, ఆ పొడవుతోనే కనెక్ట్ చేయాలి, కుదరకపోతే సాకెట్ మూసి తర్వాతి కడియానికి వెళ్లాలి. మొదటిదానితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. లోకల్‌హోస్ట్ అని రాస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్, 127.0.0.1 అని రాస్తే పనిచేయడం అనే ప్రసిద్ధ వింతకు కారణం తరచుగా ఇదే. గొలుసులో ముందు ::1 (సొంత మెషీన్‌కి ఐపీవీ6 చిరునామా; ఐపీవీ4లో అదే 127.0.0.1) వస్తుంది, సర్వర్ ఐపీవీ4 మీద మాత్రమే వింటూ ఉంటుంది. రెండో కడియం దాకా వెళ్తే కనెక్ట్ అయ్యేది.

ఇక్కడే ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. ఐపీవీ6 ఆపేస్తే నెట్ స్పీడ్ పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. దీని వెనక ఒకప్పుడు నిజమైన అనుభవం ఉంది. ఐపీవీ6 దారి ఎక్కడో తెగి, జవాబే రాకపోతే, లినక్స్ మామూలు సెట్టింగుల్లో ఒక కనెక్ట్ ప్రయత్నం రెండు నిమిషాలకు పైగా ఎదురుచూసి గానీ ఓటమి ఒప్పుకోదు. ఆ తర్వాతే ఐపీవీ4 వంతు. దీనికి 2012లో హ్యాపీ ఐబాల్స్ అనే పద్ధతి వచ్చింది, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8305గా మెరుగైంది. మొదటి ప్రయత్నం మొదలుపెట్టి 250 మిల్లీసెకన్లు చూడు, జవాబు రాకపోతే దాన్ని ఆపకుండానే రెండోది మొదలుపెట్టు, ఏది ముందు కలిస్తే అది వాడు. బ్రౌజర్లు చేసేది ఇదే. సీలో చేయాలంటే నాన్‌బ్లాకింగ్ సాకెట్లు (జవాబు కోసం ప్రోగ్రామును ఆపనివి), పోల్ (చాలా సాకెట్లను ఒకేసారి గమనించే ఫంక్షన్) కావాలి, వంద లైన్ల పని. జబ్బు ప్రోగ్రాముదైతే ఐపీవీ6ను ఆపేయడం మందు కాదు. ఐపీవీ6 వాడకంలో భారత్ ఇప్పుడు ప్రపంచంలో ముందువరసలో ఉంది. 2016 జూన్ 1 నుంచి యాపిల్ కూడా, కేవలం ఐపీవీ6 ఉన్న నెట్‌వర్క్‌లోనూ యాప్‌లు పనిచేయాలని షరతు పెట్టింది.

ఇక మన విద్యార్థి సర్వర్‌లో మిగిలిన పని. పెద్ద డబ్బా పెట్టాక ఐపీవీ4 క్లయింట్ల చిరునామాల ముందు రెండు కోలన్లు, నాలుగు ఎఫ్‌లు కనిపిస్తాయి. అది తప్పు కాదు, పైన చెప్పిన 16 ఒకట్ల బిట్లే. కానీ నిషేధించిన ఐపీల జాబితా ఉండి, దాన్ని అక్షరాలుగా పోల్చి చూస్తుంటే ప్రమాదం. 192.0.2.7ను నిషేధిస్తే, అదే మెషీన్ ఈ కొత్త వేషంలో లోపలికి వచ్చేస్తుంది. చిరునామా ఇలా వేషం మార్చినదా అని చెప్పే వీ4మ్యాప్డ్ మాక్రోతో పరీక్షించి, చివరి నాలుగు బైట్లు బయటికి తీసి, ఆ తర్వాత పోల్చాలి. ఇంకోటి, ఒకే ఐపీవీ6 సాకెట్‌కి రెండు రకాల క్లయింట్లూ రావడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. లినక్స్ మామూలుగా రానిస్తుంది, విండోస్ అడిగితేనే రానిస్తుంది, ఓపెన్‌బీఎస్‌డీ అడిగినా రానివ్వదు. అందుకే నేను ఐపీవీ6 క్లయింట్లను మాత్రమే రానిచ్చే వీ6ఓన్లీ ఆప్షన్‌ను బైండ్‌కి ముందే 1కి పెట్టి, ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, రెండు సాకెట్లు తెరిచి పోల్‌తో వింటాను. రెండు సాకెట్లూ ఒకే పోర్టు మీద గొడవ లేకుండా బైండ్ అవుతాయి, వేషం మార్చిన చిరునామాలు అసలు రావు.