పాత ఫీచర్ తీసేస్తున్నామని చెప్పడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో లాడ్జిలకు, ట్రావెల్స్ వాళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, దాని బాగోగులు చూసుకోవడం నా పని. ప్రోగ్రామింగ్ భాషలో ఏదైనా తీసేస్తే ఫోన్ ముందు నాకే వస్తుంది.

అపోహ: ఒక ఫీచర్‌ను డెప్రికేట్ చేశారంటే (ఇకపై వాడొద్దని ప్రకటించారంటే) తీసేసినట్టే.

వాస్తవం: కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా అడ్రస్‌లో చిత్తూరు జిల్లా అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే పార్సిల్ వస్తుంది. డెప్రికేట్ చేసిన ఫీచరూ అంతే: పనిచేస్తుంది, కొత్తగా మాత్రం వాడొద్దు. జావా భాషలో థ్రెడ్ స్టాప్‌ను (నడుస్తున్న పనిని బలవంతంగా ఆపే ఆదేశాన్ని) 1998లో డెప్రికేట్ చేశారు. అది నిజంగా పనిచేయడం మానేసింది 2023లో, జావా 20తో. ఇలా ఏళ్లు గడిస్తే ఆ మాటను ఎవరు లెక్కచేస్తారు? అందుకే జావా 9లో, ‘దీన్ని నిజంగానే తీసేస్తాం’ అని చెప్పడానికి విడిగా ఒక గుర్తు పెట్టారు.

అపోహ: వార్నింగ్ పెడితే అందరికీ తెలుస్తుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. పైథాన్ భాష 2.7, 3.2 వెర్షన్ల నుంచి డెప్రికేషన్ వార్నింగ్‌లను మామూలుగా చూపించడం మానేసింది. కారణం సబబే. ప్రోగ్రామ్ వాడే కౌంటర్ క్లర్క్‌కు ఆ వార్నింగ్‌తో టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు. 2018లో వచ్చిన 3.7లో కొంత సడలించారు, నేరుగా నడిపే ఫైల్లోని కోడ్‌కు మాత్రమే కనిపిస్తుంది. లోపల ఇంపోర్ట్ చేసుకున్న ఫైళ్లలో ఉన్నది కనపడదు. పైటెస్ట్ అనే టూల్‌తో టెస్టులు నడిపితే బయటపడుతుంది. టెస్టులే రాయని ప్రాజెక్టులకు (మన దగ్గర వాటికేం కొదవ!) మొదటి కబురు ఎర్రర్ రూపంలోనే వస్తుంది. పైథాన్‌లో కలెక్షన్స్ అనే మాడ్యూల్ నుంచి మ్యాపింగ్ అనే క్లాస్‌ను ఇంపోర్ట్ చేసే పాత పద్ధతి సంగతి చూడండి. 2012లో, 3.3తోనే దాని చోటు మారింది. పాత దారి మూసేసింది 2021లో, 3.10తో. అన్నేళ్ల తర్వాత కూడా ఎన్నో లైబ్రరీలు (వేరేవాళ్లు రాసి పెట్టిన రెడీమేడ్ కోడ్) ఆ రోజే ఆగిపోయాయి.

అపోహ: గడువు పెంచితే అందరూ మారిపోతారు.

వాస్తవం: పైథాన్ 2కు సపోర్ట్ ఆపేసే గడువును 2015 నుంచి 2020కి జరిపారు. పెద్ద ప్రాజెక్టులకు అది అవసరమే. చాలామంది మాత్రం పని మొదలుపెట్టడాన్నే అయిదేళ్లు జరిపారు.

అపోహ: బదులు ఏం వాడాలో చెబితే చాలు.

వాస్తవం: వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ భాష 5.5లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే పాత ఫంక్షన్లు వాడితే వచ్చే మెసేజ్, వాటి బదులు మైఎస్‌క్యూఎల్ఐ గానీ పీడీఓ గానీ వాడమని చక్కగానే చెప్పింది. ఎప్పుడు తీసేస్తారన్న చోట మాత్రం ‘భవిష్యత్తులో’ అని సరిపెట్టింది. 2015 డిసెంబరులో 7.0 వచ్చింది, ఆ ఫంక్షన్లు పోయాయి. వెర్షన్ నంబర్ ఉంటే లాడ్జి ఓనర్‌కు చూపించి, ‘ఈ అప్‌గ్రేడ్ లోపు మార్చాలి సార్, ఇంత ఖర్చవుతుంది’ అని అడగవచ్చు. ‘భవిష్యత్తు’ పేరు చెప్పి ఆయన దగ్గర డబ్బులు అడగలేం.