గ్రాము బొగ్గులో పాతిక సెంట్లు

కిందటి వేసవి సెలవుల్లో మా అన్నయ్య కూతురు ఇచ్ఛాపురం నుంచి బరంపురం మా ఇంటికి వచ్చింది. హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియం ముందు కాసేపు నిలబడి, "చిన్నాన్నా, నీళ్ళేటి పసుప్పచ్చగా ఉన్నాయి?" అని అడిగింది. నాకు అలా అనిపించలేదు. రోజూ చూసే నీళ్ళే కదా. తను వంటింట్లోంచి తెల్ల పింగాణీ పళ్ళెం తెచ్చి, సగం తొట్టి వెనక్కి, సగం బయటికి ఉండేలా పట్టుకుని నన్ను చూడమంది. బయట ఉన్న సగం తెల్లగానే ఉంది. నీళ్ళలోంచి కనిపించే సగం మాత్రం పాత వార్తాపత్రిక రంగులో ఉంది.

అంతకు రెండు రోజుల ముందే నీళ్ళు పరీక్ష చేశాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఉప్పదనం ఎంతుందో చెప్పే విశిష్ట సాంద్రత 1.025. కిట్ల ప్రకారం అంతా బాగుంది. ఈ పసుపు రంగును కొలిచే సీసా ఆ కిట్లలో లేదు. అది రోజుకింత చొప్పున నెలల తరబడి చేరుతుంది కాబట్టి రోజూ చూసే కంటికి దొరకదు. దాన్ని తీసేయగలిగినది ఒక రకం బొగ్గు. అక్వేరియం దుకాణాల్లో 'కార్బన్' అని అమ్మే యాక్టివేటెడ్ కార్బన్ అదే. పుస్తకాల్లో దాన్ని ఉత్తేజిత కర్బనం అంటారు.

ముందు ఆ పసుపు ఎక్కడిదో చూద్దాం. చేపలు తినగా మిగిలిన మేత, వాటి పెంట, చచ్చిన నాచు నీళ్ళలో కుళ్ళుతాయి. బాక్టీరియా వాటిలో చాలా భాగాన్ని తినేస్తుంది. దానికి కొరుకుడు పడని ముక్కలు మిగిలిపోతాయి. పెద్ద పెద్ద కర్బన అణువులు అవి. టీ డికాక్షన్‌కీ, ఆకులు రాలి నానిన నూతి నీటికీ రంగునిచ్చేవి కూడా ఈ కోవకు చెందిన పదార్థాలే. సముద్రంలోనూ ఇవి ఉంటాయి. సముద్ర శాస్త్రవేత్తలు వీటిని గెల్బ్‌స్టాఫ్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకు 'పసుపు పదార్థం' అనే అర్థం. నడి సముద్రంలో చాలా తక్కువగా, నదులు కలిసే చోట ఎక్కువగా ఉంటుంది. మన ఋషికుల్య లాంటి నదులు వానాకాలంలో బురదతో పాటు అడవుల ఆకుల సారాన్ని కూడా మోసుకొస్తాయి. సముద్రం పెద్దది కాబట్టి అది పలచబడిపోతుంది. 120 లీటర్ల గాజు తొట్టిలో అది పోవడానికి దారి లేదు.

ఇప్పుడు బొగ్గు దగ్గరికి వద్దాం. నాకు ఈ విషయంలో బాగా నచ్చే భాగం ఇదే.

బరంపురం నుంచి రైల్లో దక్షిణానికి వెళ్తే ఇచ్ఛాపురం దాటాక రెండు వైపులా ఉద్దానం కొబ్బరి తోటలు కనిపిస్తాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఆ తోటల్ని ఎలా పడగొట్టిందో చూసినవాళ్ళకు, అక్కడివాళ్ళకు కొబ్బరి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ కొబ్బరికాయలో మనం పొయ్యిలో పడేసే చిప్పే మంచి కార్బన్‌కు ముడిసరుకు. చిప్పను గాలి తగలకుండా వేడి చేస్తే నీరు, నూనెలు, వాయువులు పోయి బొగ్గు మిగులుతుంది. ఇంతవరకు మామూలు బొగ్గే. ఆ బొగ్గును సుమారు 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరిలో ఉంచుతారు. ఆ వేడికి ఆవిరి కర్బనంతో చర్య జరిపి దాన్ని లోపలి నుంచి తొలుచుకుంటూ పోతుంది. బొగ్గులో కొంత భాగం వాయువుగా మారి ఎగిరిపోతుంది. మిగిలిన గింజ నిండా కంటికి కనపడని సొరంగాలు ఏర్పడతాయి. ఆవిరితో ఇలా తొలవడాన్నే ఉత్తేజితం చేయడం అంటారు.

ఆ సొరంగాల గోడలన్నీ పరిచి కొలిస్తే ఒక్క గ్రాముకు సుమారు వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో దాదాపు పాతిక సెంట్లు. నాలుగు గ్రాములకు ఒక ఎకరం. నేను ఫిల్టర్‌లో వేసే 60 గ్రాముల సంచిలో పదిహేను ఎకరాల నేల మడతపెట్టి ఉందన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి నమ్మలేదు, కాగితం మీద లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

ఆ నేల మీద జరిగే పనిని అధిశోషణం అంటారు. పీల్చుకోవడం వేరు, ఇది వేరు. తడి గుడ్డ నీటిని తనలోకి పీల్చుకుంటుంది. చపాతీ పిండి చేతికి అంటుకుంటుంది గానీ చేతిలోకి పోదు. కార్బన్ చేసేది రెండో రకం పని. చారు మీద నూనె చుక్కల్ని గమనించండి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నూనెకు వాటి మధ్య చోటివ్వవు. పసుపు రంగు అణువుల్లోనూ ఇలా నీటికి పొసగని భాగాలు చాలా ఉంటాయి. కర్బన గోడ కూడా నీటిని పెద్దగా ఇష్టపడని ఉపరితలమే. అణువు దాని పక్కకు రాగానే వాండర్ వాల్స్ బలాలు, అంటే దగ్గరకొచ్చిన అణువుల మధ్య ఉండే ఆకర్షణలు, దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. ఒక్కో పట్టు బలహీనమైనదే. కానీ అణువు పెద్దదైతే పట్టే చోట్లు ఎక్కువ, అందుకే అది తేలిగ్గా ఊడిరాదు.

బొగ్గుకు ఈ గుణం ఉందని తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్స్ అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గు ద్రావణాల రంగును తీసేస్తుందని గమనించాడు. తర్వాత చక్కెర ఫ్యాక్టరీలు గోధుమ రంగు పాకాన్ని తెల్లబరచడానికి దాన్ని వాడుకున్నాయి. మా గంజాం జిల్లాలో అస్కా పేరు చెబితే ఎవరికైనా చక్కెరే గుర్తొస్తుంది. పాకానికి రంగునిచ్చే పదార్థాల్ని పట్టిన బొగ్గే నా చేపల నీళ్ళలోని పసుపునూ పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడిన ముసుగుల్లో ఉన్నదీ, విషం మింగినవారికి ఆస్పత్రుల్లో నీళ్ళలో కలిపి పట్టే నల్ల పొడి కూడా ఇదే.

ఇంత పేరున్న వస్తువు కాబట్టే అన్నీ తీసేస్తుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి ఉప్పునీటి తొట్టి పెట్టిన పదో రోజుకు రెండు డాంసెల్ చేపలు నీటి పైకి వచ్చి గబగబా మొప్పలాడించడం మొదలుపెట్టాయి. పరీక్ష చేస్తే అమ్మోనియా ప్రమాద స్థాయిలో ఉంది. టెన్షన్‌తో ఒక దుకాణానికి పరిగెత్తాను. కార్బన్ ఎక్కువగా వేయండి, అమ్మోనియా పోతుందన్నారు. పావు కిలో వేశాను. మర్నాటికి రెండూ చచ్చిపోయాయి. ఆ రెండు చేపలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం అవే.

అమ్మోనియాను కార్బన్ ఎందుకు పట్టుకోలేదు? అది చాలా చిన్న అణువు, పైగా నీటితో బాగా పొసగే అణువు. నీళ్ళలో హాయిగా ఉంటుంది, బొగ్గు గోడకు అంటుకోవలసిన అవసరం దానికి లేదు. నైట్రేట్, ఫాస్ఫేట్, సముద్రపు ఉప్పు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఇదే తీరు. ఇవి విద్యుదావేశం ఉన్న అయాన్లు, నీరు వాటిని చుట్టుముట్టి ఉంచుకుంటుంది. కార్బన్ వేస్తే ఉప్పు తగ్గిపోతుందేమోనని కొందరు భయపడతారు. తగ్గదు. మరి అమ్మోనియాను పట్టే జియోలైట్ రాళ్ళు వేస్తే? మంచినీటి తొట్టిలో అవి పనిచేస్తాయి. సముద్రపు నీటిలో పనికిరావు. జియోలైట్ అయాన్లను మార్చుకునే రాయి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 10,800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే అమ్మోనియా ఒకటి రెండు మిల్లీగ్రాములు. రాయిలోని చోటంతా సోడియమే ఆక్రమిస్తుంది.

ఆ రోజు నేను చేయాల్సింది సగం నీళ్ళు మార్చి, మేత ఆపడం. అసలు అంత తొందరగా చేపల్ని వేయకుండా ఉండాల్సింది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియా విషం మంచినీటిలో కంటే ఎక్కువ. ఆ బాక్టీరియా చేసే పనికి బొగ్గు బదులు కాదు.

మరి నురగ తీసే ప్రొటీన్ స్కిమ్మర్ ఉంటే కార్బన్ ఎందుకని అడుగుతారు. గాలి వీచిన రోజున గోపాల్‌పూర్ ఒడ్డున తేలే నురగను చూసే ఉంటారు. స్కిమ్మర్‌లో జరిగేది కూడా అదే. గాలి బుడగకు అతుక్కునే పదార్థాలు నురగతో బయటికి పోతాయి. బుడగకు అతుక్కోని రంగు పదార్థాలు మిగిలిపోతాయి. అవి బొగ్గు వంతు.

కార్బన్ కొనేటప్పుడు ధర కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. కొబ్బరి చిప్ప కార్బన్ గట్టిగా ఉంటుంది, దుమ్ము తక్కువ. కానీ దాని రంధ్రాల్లో చాలా భాగం రెండు నానోమీటర్ల కంటే సన్ననివి, వాసన లాంటి చిన్న అణువులకు సరిపోతాయి. గనుల్లో దొరికే బిట్యుమినస్ బొగ్గుతో చేసినదానికి ఇంకొంచెం వెడల్పు రంధ్రాలు కూడా ఉంటాయి. పసుపు రంగు పెద్ద అణువులు వాటిలోకి సులువుగా దూరుతాయి. అందుకని పక్కనే ఉద్దానం ఉన్నా, కొబ్బరి మీద ఎంత అభిమానం ఉన్నా, నా తొట్టిలో వాడేది రెండో రకం. ఇక ఫాస్ఫేట్. కొన్ని కార్బన్లు నీళ్ళలోకి ఫాస్ఫేట్‌ను వదులుతాయి, అది నాచుకు ఎరువవుతుంది. కొత్త పొట్లం విప్పగానే ఒక చెంచాడు గింజల్ని ఆర్‌ఓ నీళ్ళలో గంటసేపు నానబెట్టి ఆ నీటికి ఫాస్ఫేట్ పరీక్ష చేయండి. పొయ్యి బొగ్గు మాత్రం ఎప్పుడూ వేయొద్దు. అది ఉత్తేజితం చేసినది కాదు, దానిలోని బూడిద నీటి పీహెచ్‌ను చెడగొడుతుంది.

గింజల్ని నల్ల నీళ్ళు పోయేదాకా కడగాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. సర్జన్ ఫిష్ జాతి చేపల తల మీద, పక్కల గీత వెంబడి చర్మం గుంటలు పడే జబ్బు ఒకటుంది. లిగ్నైట్ అనే గోధుమ రంగు నేలబొగ్గుతో చేసిన కార్బన్ వాడిన తొట్టిలో ఆ జబ్బు వచ్చిందని 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది. మెత్తని బొగ్గు ధూళి మీద అనుమానం అప్పటి నుంచి బలపడింది. గింజలు ఒకదానికొకటి రాసుకుని అరిగేంత వేగంగా నీటిని పంపకపోవడం కూడా అందుకే.

పరిమాణం దగ్గర నా అభిప్రాయం గట్టిది: ఒకేసారి చాలా వేసి నెలలు వదిలేయడం కంటే కొంచెం వేసి తరచూ మార్చడం మేలు. 120 లీటర్లకు 60 గ్రాములు, మూడు వారాలకోసారి కొత్తది. సంచిని నీరు పక్క నుంచి జారిపోకుండా, దానిలోంచి పోయే చోట పెట్టాలి. మా అన్నయ్య కూతురు పళ్ళెం పట్టిన రోజున నేను మొదట సగమే వేశాను. పసుపు పదార్థం నీలి కాంతిని మింగేస్తుంది. అది ఒక్కసారిగా పోతే లోపలికి వెళ్ళే కాంతి ఒక్కసారిగా పెరుగుతుంది. పగడాలు ఉన్న తొట్లలో ఆ దెబ్బకు అవి తెల్లబడిపోవచ్చు. నా దగ్గర పగడాలు లేవు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, మన సముద్రం నుంచి వాటిని తీయడం నేరం. అయినా చేపలకు కూడా మార్పు మెల్లగా రావడమే మంచిదని సగం వేశాను. నాలుగో రోజుకు పళ్ళెం రెండు సగాలూ ఒకే తెలుపులో కనిపించాయి. ఫోటో తీసి ఇచ్ఛాపురం పంపాను.

నీటి సంగతి కూడా చెప్పాలి. గోపాల్‌పూర్‌లో నాకు నీళ్ళు తెచ్చిపెట్టే ఒక తెలుగు జాలరి ఉన్నాడు. ఒడియావాళ్ళు నోలియా అని పిలిచే సమాజం వాళ్ళది. "ఒడ్డు నీరెందుకు మాస్టారూ, లోపలికెళ్ళినప్పుడు నేను పట్టుకొస్తాను" అంటాడు. వానల్లో తీరం దగ్గర ఉప్పదనం పడిపోతుంది, అప్పుడు ఉప్పు పొడి కలిపి నేనే తయారుచేసుకుంటాను. దానికి వాడే కొళాయి నీటిలోని క్లోరిన్‌ను తీసేది కూడా ఆర్‌ఓ మిషన్‌లోని కార్బనే. ఇక్కడ మాత్రం అది అంటించుకోవడం కాదు, నిజమైన రసాయన చర్య. బొగ్గు తాకగానే క్లోరిన్ హానిలేని క్లోరైడ్‌గా మారిపోతుంది.

పాతబడిన కార్బన్ పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేస్తుందని ఒక భయం ఉంది. అలా కుమ్మరించదు, కొత్తగా పట్టడం మానేస్తుంది అంతే. పెనం మీద వేయించి మళ్ళీ వాడొచ్చని చెప్పేవారి మాట వినకండి, సొరంగాలు తిరిగి తెరుచుకోవాలంటే కొలిమి వేడి కావాలి. చేపలకు మందు వేసేటప్పుడు మాత్రం సంచి బయటికి తీయాల్సిందే. మిథిలీన్ బ్లూ లాంటి మందును రోగం కంటే ముందు బొగ్గు పట్టేస్తుంది.

మా తీరంలో ఇంకో సందర్భం కూడా ఉంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక బరంపురం రోజుల తరబడి చీకట్లో ఉంది. వాడుతున్న కార్బన్ గింజల మీద బాక్టీరియా దట్టంగా పెరిగి ఉంటుంది. పంపు ఆగితే ఫిల్టర్ డబ్బాలో నిలిచిన నీటి ఆక్సిజన్‌ను అది తినేస్తుంది, నీళ్ళు కుళ్ళు వాసన పడతాయి. కరెంటు వచ్చి పంపు తిరగగానే ఆ నీళ్ళన్నీ చేపల మీదికి పోతాయి. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే బ్యాటరీ గాలి పంపును తొట్టికి తగిలిస్తాను. కరెంటు పోయిన గంటలోపు కార్బన్ సంచి తీసేసి, ఫిల్టర్ డబ్బా ఒంపేసి పక్కన పెడతాను.