జెండా ఒకరిది, జేబు ఒకరిది: అమెరికాస్ కప్ వెనక కథ

న్యూజిలాండ్‌కి 2017, 2021, 2024లో వరసగా మూడుసార్లు తెరచాప పడవల పందెం అమెరికాస్ కప్ గెలిచిపెట్టిన పీటర్ బర్లింగ్ 2025లో ఆ జట్టు వదిలేసి ఇటలీ జట్టు లూనా రోసాలో చేరాడు. ఆ జట్టు వెనక డబ్బు ఫ్యాషన్ కంపెనీ ప్రాడా అధిపతి బెర్టెల్లిది. దేశం ముందా డబ్బు ముందా అని వాదించేవాళ్లకి ఇదో అవకాశం, కానీ ఈ పంచాయితీ ఇప్పటిది కాదు.

1851లో 'అమెరికా' అనే పడవ ఇంగ్లండ్ వెళ్లి ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ జరిగిన రేసు గెలిచింది. దాని యజమానులు ఆ కప్పుని 1857లో న్యూయార్క్ యాట్ క్లబ్‌కి దానపత్రం రాసి ఇచ్చేశారు, దేశాల మధ్య స్నేహంగా పోటీ జరగాలని షరతు పెట్టి. అయితే సవాలు చేసేది దేశం కాదు, క్లబ్బు. పడవ ఆ క్లబ్బు దేశంలో తయారై ఉండాలన్నారు గానీ నడిపేవాళ్లు ఏ దేశం వాళ్లన్నది ఎవరూ పట్టించుకోలేదు. 19వ శతాబ్దంలో అమెరికా పడవల మీద తాళ్లు లాగింది చాలావరకు స్కాండినేవియా నుంచి వచ్చిన జీతగాళ్లే!

మన టీ డబ్బాల మీద పేరున్న థామస్ లిప్టన్ 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు సవాలు చేసి ఐదుసార్లూ ఓడిపోయాడు. పచారీ కొట్టు పెట్టి పైకొచ్చిన మనిషి కదా, ఇంగ్లండ్‌లోని పెద్దల క్లబ్బు రానివ్వలేదు, పాపం ఉత్తర ఐర్లండ్ క్లబ్బు పేరు మీద వచ్చాడు. కప్పు రాకపోయినా అమెరికాలో టీ మాత్రం బాగా అమ్ముడుపోయింది.

న్యూయార్క్ క్లబ్బు వాళ్లు కప్పుని బల్లకి బోల్టు వేసి బిగించుకున్నారు. దాన్ని 1983లో ఊడదీయించింది ఆస్ట్రేలియా వ్యాపారి అలన్ బాండ్. పడవ అడుగున రెక్కలున్న కీల్ (పడవ ఒరిగిపోకుండా నీళ్లలోకి దిగి ఉండే పలక) పెట్టి, ఎవరి కంటా పడకుండా చుట్టూ గుడ్డ కట్టి ఉంచారు. అది డచ్ వాళ్ల బుర్రలోంచి వచ్చింది, చెల్లదు అని అమెరికన్లు గోల చేశారు, నిలవలేదు. గెలిచిన రోజు ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్, ఇవాళ డ్యూటీకి రాలేదని ఎవరినైనా తీసేసే యజమాని ఒట్టి పనికిమాలినవాడని టీవీలోనే అనేశాడు. ఆ బాండే తర్వాత వాటాదారుల డబ్బు కాజేసిన కేసులో జైలుకెళ్లాడు.

అసలు గాయం మాత్రం న్యూజిలాండ్‌ది. 1995లో ఆ జట్టు నాయకుడు పీటర్ బ్లేక్ అదృష్టమని వేసుకున్న ఎర్ర మేజోళ్లని జనం పోటీపడి కొనుక్కున్నారు, ఆ డబ్బు జట్టుకే వెళ్లింది. కప్పు వచ్చింది, 2000లో నిలబెట్టుకున్నారు కూడా. ఆ వెంటనే కెప్టెన్ రస్సెల్ కూట్స్, బ్రాడ్ బటర్‌వర్త్ కలిసి కోటీశ్వరుడు బెర్టరెల్లి పెట్టిన స్విస్ జట్టు అలింగీకి వెళ్లిపోయారు. అప్పటికి జాతీయత నియమం వచ్చింది, కానీ ఆ దేశంలో నివాసం చూపిస్తే చాలు! 2003లో ఆక్లాండ్ వచ్చి, సొంత జనం ముందే 5-0తో కప్పు ఎత్తుకెళ్లారు, అదీ సముద్రమే లేని దేశానికి. వాళ్ల కుటుంబాలకి బెదిరింపు ఉత్తరాలు కూడా వచ్చాయి. అది ఎవరూ సమర్థించలేనిది.

తర్వాత కొన్నేళ్లు బెర్టరెల్లి, అమెరికా జట్టుకి డబ్బు పెట్టిన ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ లారీ ఎలిసన్ ఈ కప్పు గురించే న్యూయార్క్ కోర్టుల్లో కొట్టుకున్నారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వం 3.6 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు పెట్టిన న్యూజిలాండ్ జట్టు 8-1 ఆధిక్యంలో ఉండి 9-8తో ఓడింది. గెలిచింది ఎలిసన్ పెట్టిన అమెరికా జట్టు, కానీ దాని కెప్టెన్ ఆస్ట్రేలియా వాడు, జట్టు పెద్ద మళ్లీ కూట్సే.

2017లో కప్పు తిరిగొచ్చాక న్యూజిలాండ్ వాళ్లు నియమం బిగించడం మొదలుపెట్టారు. 2024కి వచ్చేసరికి పడవ మీద ఉండేవాళ్లందరికీ జట్టు దేశం పాస్‌పోర్టు గానీ, ముందునుంచే అక్కడ నివాసం గానీ ఉండాలన్నారు. నాకు విడ్డూరం అనిపించేది ఇక్కడే. సొంత ప్రభుత్వం, ఆక్లాండ్ నగరపాలక సంస్థ డబ్బు, సౌకర్యాలు కలిపి 9.9 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల విలువైన సాయం చేస్తామంటే చాలదని, రేసునే బార్సిలోనాకి తీసుకుపోయారు. ఆటగాడు వెళ్తే తప్పు, కప్పు పోటీ వెళ్తే వ్యాపారమా? తర్వాతిది 2027లో, నేపుల్స్‌లో.