ఖాతాకు ఎక్కని గెలుపు: డాన్ స్టేలీ వేతనం వెనుక కథ

అమెరికా విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా సొమ్ము చెల్లించేందుకు 2025 జూన్‌లో న్యాయస్థానం అనుమతించింది. అప్పటి నుంచి ఆ సొమ్ములో మహిళల జట్ల వాటా ఎంతన్న వివాదం మళ్లీ రాజుకుంది. తొలి ఏడాదికి ఒక్కో విద్యాసంస్థకు పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కూ, ఆ తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్‌కూ పోగా, మహిళల బాస్కెట్‌బాల్‌కు చాలాచోట్ల ఐదు శాతం దగ్గరే చేయి ఆగిపోతోంది. ఈ చర్చ ఎప్పుడు లేచినా ముందుకొచ్చే పేరు సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ డాన్ స్టేలీది. క్రీడాకారిణిగా ఆమె గెలిచిన మూడు ఒలింపిక్ స్వర్ణాల గురించి అందరూ ఎరుగుదురు. ఇవాళ్టి పేచీ మూలం మాత్రం 2021 మార్చిలో ఉంది.

కోవిడ్ వల్ల ఆ ఏడాది విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్‌లో పురుషుల జాతీయ టోర్నీని ఇండియానాలోనూ, మహిళల టోర్నీని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పరిసరాల్లోనూ జరిపారు. పురుషులకు విశాలమైన హాలు నిండా వ్యాయామ పరికరాలు అమర్చిన ఎన్‌సీఏఏ (అమెరికా విశ్వవిద్యాలయ క్రీడల నిర్వాహక సంస్థ), మహిళలకు ఒక స్టాండు డంబెల్స్, కొన్ని యోగా చాపలతో సరిపెట్టింది. స్థలం చాలలేదన్న వివరణ వచ్చింది. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ తీసిన వీడియోలో ఆ పక్కనే బోలెడంత ఖాళీ జాగా కనిపించింది. అదే టోర్నీలో తన జట్టుతో ఉన్న స్టేలీ బహిరంగ ప్రకటన విడుదల చేసి, విషయాన్ని పరికరాల దగ్గర ఆగనివ్వలేదు. టోర్నీ ప్రచారానికి వాడే ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అన్న పేరును పురుషుల టోర్నీకే ఎందుకు పరిమితం చేశారని సూటిగా అడిగారు.

ఆ నిలదీత వెనుక 2017 నాటి అనుభవం ఉంది. ఆ ఏప్రిల్ 1న సౌత్ కరోలినా పురుషుల జట్టు జాతీయ సెమీఫైనల్లో ఓడింది. మర్నాడు స్టేలీ జట్టు మిసిసిపీ స్టేట్‌ను 67-55తో ఓడించి విజేతగా నిలిచింది. ఓడిన పురుషుల జట్టు ఆడిన మ్యాచ్‌ల లెక్కన వారి కాన్ఫరెన్సుకు (విశ్వవిద్యాలయాల కూటమికి) ఆరేళ్లపాటు సొమ్ము అందే ఏర్పాటు ఉంది. గెలిచిన మహిళల జట్టుకు అలాంటి పద్దే లేదు! మహిళల ఆట డబ్బు తేదని వాదించేవారు ఈ ఒక్క సంగతికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.

శాన్ ఆంటోనియో గొడవ తర్వాత ఎన్‌సీఏఏ నియమించిన న్యాయవాద సంస్థ ఆ ఆగస్టులో నివేదిక ఇచ్చింది. మహిళల టోర్నీ ప్రసార హక్కులను మరెన్నో పోటీలతో మూటకట్టి ఏడాదికి సుమారు 3.4 కోట్ల డాలర్లకు అమ్ముతున్నారనీ, 2025 నాటికి ఆ టోర్నీ ప్రసార హక్కులొక్కటే ఏటా 8.1 నుంచి 11.2 కోట్లు పలకవచ్చనీ అందులో తేల్చారు. రెండు నెలలకే స్టేలీ ఏడేళ్లకు 2.24 కోట్ల డాలర్ల ఒప్పందం సాధించారు. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు కోచ్‌గా స్వర్ణం అందించి వచ్చిన ఆమె, పురుషుల జట్టు కోచ్‌తో సమాన స్థాయి వేతనం కావాలని పట్టుబట్టి తెచ్చుకున్న ఒప్పందమది. 2022లో, 2024లో మళ్లీ జాతీయ టైటిళ్లు వచ్చాయి. 2024లో 38 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. అయోవాతో జరిగిన ఆ ఫైనల్‌ను సగటున 1.89 కోట్ల మంది చూడగా, పురుషుల ఫైనల్‌ను 1.48 కోట్ల మందే చూశారు. 2025 జనవరిలో ఆమె వార్షిక వేతనం 40 లక్షల డాలర్లకు చేరింది.

రాబడి తెచ్చే క్రీడకే వాటా దక్కాలని ఫుట్‌బాల్ పక్షం వారంటున్నారు. రాబడి తెచ్చే అవకాశమే ఇవ్వకుండా ఇన్నేళ్లు నడిపారన్నది మహిళల పక్షం మాట, దస్త్రాలు చెబుతున్నదీ అదే. మహిళల టోర్నీ విజయాలకు సొమ్ము చెల్లించే పద్ధతి 2025లో గాని మొదలుకాలేదు. ఈ చెల్లింపులకు లింగ సమానత్వ చట్టం టైటిల్ నైన్ వర్తిస్తుందని అదే ఏడాది జనవరిలో చెప్పిన కేంద్ర విద్యాశాఖ, ప్రభుత్వం మారాక ఫిబ్రవరిలో ఆ మార్గదర్శకాన్ని ఉపసంహరించుకుంది. అదే న్యాయస్థాన ఒప్పందంలో క్రీడాకారులకు పాత బకాయిల కింద ఇచ్చే పరిహారంలో దాదాపు తొంభై శాతం పురుషులకే పోతోందంటూ కొందరు క్రీడాకారిణులు జూన్‌లో అప్పీలుకు వెళ్లారు.